వదులు రింగు

మూడూ పదికి బర్నర్ వెలిగించాను, గేజు ముల్లు ఇంకా సున్నా దగ్గర మేకుకు ఆనుకునే ఉంది, ఉంటుంది, బాయిలర్లో పావు లీటరు నీళ్లు, కింద స్పిరిట్ మంట, ముల్లు మేకును వదలడానికి పన్నెండు నిమిషాలు పడుతుందని నిన్న గడియారం పెట్టుకుని చూశాను, కాబట్టి ఇప్పుడు దాని వంక చూసి లాభం లేదు, చూస్తున్నాను. నాలుగింటికి కాలేజీ ల్యాబ్ సారు వస్తారు. హాల్లో పదకొండు అట్టపెట్టెలు మూతలు తెరిచి ఉన్నాయి, వదిన ఒక్కోదాంట్లో పాత పేపర్లు నలిపి వేసింది, పదింట్లో అన్నయ్య చేసిన ఇంజన్లు కూర్చున్నాయి, పదకొండోది ఖాళీ, ఆ ఇంజన్ నా ముందు బల్ల మీద ఉంది. ఇది తిరిగితే ఆ పదీ మళ్లీ అలమర ఎక్కుతాయి. తిరగకపోతే పదకొండూ కాలేజీకి పోతాయి, అక్కడ అద్దాల బీరువాలో ఉంటాయి, కింద చీటీ ఉంటుంది, వాటిని ఇక ఎవరూ తిప్పరు. అన్నయ్య పెట్టిన షరతు అది. తిరగడమంటే గిరగిరా తిరగడం కాదు, ఆవిరి కొడితే డబ్బా మూత కూడా గిరగిరా తిరుగుతుంది, అన్నయ్య ఊపిరికి రెండు చుట్లు, పీల్చేటప్పుడు ఒకటి, వదిలేటప్పుడు ఒకటి, ఆగకుండా ఇరవై ఊపిర్లు. ఆయన పిస్టన్‌కి తాడు చుట్టిన రోజుల్లో ఇది అలా తిరిగేది. ఇప్పుడు తాడు లేదు, నేను వేసిన రబ్బరు రింగు ఉంది, అది వదులుగా ఉంది, వదులుగా ఉండాలనే వేశాను.

వదులు అన్న మాట మీదే ముప్ఫై ఒక్క ఏళ్లు ఉద్యోగం చేశాను. పంపుల కంపెనీలో తనిఖీ గది, ఎండ బల్ల మీద పడకూడదని కిటికీ ఉత్తరానికి పెట్టారు, బల్ల మీద తెల్ల కాగితం, కాగితం మీద ట్రే, ట్రేలో ఓ-రింగులు, పంపు కారకుండా లోపల వేసే రబ్బరు చుట్లు, రోజుకు నాలుగు వందలు. ఒక్కోదాన్ని బొటనవేలితో దొర్లించి లోపలి అంచు బయటికి తేవడం, అచ్చు గీత మీద గోరు నడపడం, గోరు తట్టుకుంటే పక్కన పడేయడం, తట్టుకోకపోతే మైక్రోమీటర్‌కి ఇవ్వడం. రబ్బరును కొలవడం రాక ఇద్దరిని వేరే గదికి మార్చారు, బిగిస్తే రబ్బరు లొంగుతుంది, లొంగి తక్కువ చూపిస్తుంది, కొలిచినవాడు తన చేతి బలాన్ని కొలిచి రింగు కొలత అని రాస్తాడు. బిగించకూడదు. దవడల మధ్య రింగు వేలాడాలి, ఇంకొక్క గీత వదిలితే తన బరువుకు తనే జారి పడాలి, ఆ గీతే కొలత. ఒకసారి నాలుగు వేల రింగుల లాటు మొత్తం తిప్పి పంపాను, స్టోర్స్ ఆయన రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు, "ఏంటి రబ్బరమ్మా, వెంట్రుకవాసి తేడాకి నాలుగు వేలు వెనక్కా?" అన్నాడు, "వెంట్రుక కాదు సార్, రెండు వెంట్రుకలు, కావాలంటే మీదొకటి ఇవ్వండి, కొలిచి చూపిస్తాను" అన్నాను, ఆయన నెత్తి తడుముకున్నాడు, అప్పటికి అక్కడ ఇచ్చేందుకు పెద్దగా ఏమీ లేదు, గదంతా నవ్వింది, లాటు వెనక్కి వెళ్లింది. రబ్బరమ్మ అన్న పేరు అక్కడ పుట్టి మా ఇంటిదాకా నడిచొచ్చింది. రింగు గాడిలో వదులుగా కూర్చుంటే పంపు కారుతుంది, కారితే తప్పు నాది, ఇదే నాకు వచ్చిన విద్య. నిన్న నేను వేసిన రింగు ఆ బల్ల మీదికి వస్తే రెండోసారి చూడకుండా పక్కన పడేసేదాన్ని.

మూడూ పదిహేను. బాయిలర్ లోపల చిటచిట మొదలైంది, నీళ్లు కావు, అడుగున పట్టిన గాలి బుడగలు. అన్నయ్యకు వినపడే ఉంటుంది. కిటికీ పక్క కుర్చీలో, ఇంజన్‌కి వీపు పెట్టి కూర్చున్నాడు, చూడక్కర్లేదట. లోకో షెడ్డులో ఆయన్ని చెవి మేస్త్రి అనేవారు, ఇంజన్ యార్డులోకి వస్తుంటే క్యాంటీన్‌లో కూర్చునే ఎడమ సిలిండర్ కారుతోందని చెప్పేవాడు, పై అధికారి నమ్మక విప్పించేవాడు, విప్పితే ఎడమదే. ఇప్పుడు చెవులు అలాగే ఉన్నాయి, చేతులే లేవు. ఉన్నాయి, వణుకుతాయి, కుడిచెయ్యి ఎక్కువ, దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చుంటాడు, ఎవరైనా వస్తే లేచి నిలబడడు, లేస్తే చెయ్యి బయటపడుతుంది. తాడు ప్యాకింగ్ అంటే గ్రాఫైట్ పట్టించిన తాడును పిస్టన్ గాడిలో చుట్టి, చివర ఏటవాలుగా కోసి, పుల్లతో లోపలికి నొక్కి, నూనె వేసి సిలిండర్లోకి దించడం, ఎన్ని చుట్లు, ఎంత నొక్కుడు అంటే ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు, "చెయ్యి చెప్తుంది" అనేవాడు. ఆ తాడు ఏడాదికో రెండేళ్లకో ఎండిపోతుంది, మళ్లీ చుట్టాలి. రెండేళ్లుగా చుట్టేవాళ్లు లేరు. నేను మూడుసార్లు చుట్టాను, మూడుసార్లూ ఇంజన్ కుంటింది, ఒక చుట్టు తేలిగ్గా, ఒక చుట్టు కష్టంగా, వింటూనే ఆయన కళ్లు మూసుకున్నాడు, "తాడు చేతిని అడుగుతుందే, నీకది లేదు" అన్నాడు. కోపంగా అనలేదు, తనిఖీ చేసిన సరుకు గురించి చెప్పినట్టు చెప్పాడు. "రబ్బరు కొలతని అడుగుతుంది అన్నయ్యా, నాకది ఉంది" అన్నాను.

అన్నాక చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, నేను రచ్చలో ముప్ఫై ఒక్క ఏళ్లు గెలిచి ఇంట్లో బోర్లా పడ్డాను. కిందటి నెల ఇత్తడి కడ్డీ నుంచి లేత్ మీద కొత్త పిస్టన్ తిప్పాను, అన్నయ్య పాత పిస్టన్ గుడ్డలో చుట్టి పక్కన పెట్టాను, రింగు మందం ఒకటి పాయింటు ఏడు ఎనిమిది మిల్లీమీటర్లు, పంపుల పట్టిక నాకు ఎక్కాల పుస్తకంలా నోటికి వచ్చు, ఆ మందానికి ఖాళీ ఒకటి పాయింటు ఐదు రెండు ఉంచాలి, మిగతా పాయింటు రెండు ఆరు రబ్బరు నలిగి గోడను నొక్కుతుంది, గాడి అడుగు కొలత పదహారు పాయింటు తొమ్మిది ఆరు. కళ్లు మూసుకుని కోశాను. ఆలోచించలేదు. ఆలోచించాల్సిన చోట అనుభవం ఉంది కదా. రింగు ఎక్కింది, సిలిండర్లోకి బిగుతుగా దిగింది, ఆ బిగుతుకు నా చెయ్యి సంతోషించింది, ఆవిరి పెట్టాం, ఇంజన్ ఒకసారి మూలిగి ఆగింది, ఫ్లైవీల్ చేత్తో తిప్పితే తిరిగింది, వదిలితే ఆగింది, ప్రెజర్ పెంచితే నాలుగు చుట్లు తన్నుకుని ఆగింది. అన్నయ్య అప్పుడు నవ్వాడు, ఆ నవ్వు కన్నా తిట్టు నయం. "అది పంపు కాదే. పంపు వెనక మోటారుంటుంది, రింగు ఎంత పట్టుకున్నా ఈడ్చుకుపోతుంది. దీని వెనక ఏముంది? ఈగను తోలేంత ఆవిరి." నిజమే, ఇరవై మిల్లీమీటర్ల సిలిండర్, ఆ ఆవిరి బలమంతా నా రింగును గోడ వెంట ఈడ్చడానికే సరిపోయింది, చక్రం తిప్పడానికి ఏమీ మిగల్లేదు. రబ్బరు గురించి ఈ ఇంట్లో అందరికన్నా ఎక్కువ తెలిసినదాన్ని, ఆ ఎక్కువ తెలియడం వల్లే తప్పు చేశాను, ఏమీ తెలియనివాళ్లయితే భయపడి వదులుగా వేసేవాళ్లు. మర్నాడు పొద్దున్నే ఆయన కాలేజీకి ఫోన్ చేశాడు. అంటే ఆ పెట్టెలు నా వల్ల వచ్చాయి.

ముల్లు కదిలింది. మూడూ ఇరవై రెండు, పన్నెండు నిమిషాలే. మంట తగ్గించను, ఈ చల్లటి సిలిండర్ చాలా ఆవిరి తాగుతుంది. వదిన గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో మూడు కప్పులున్న పళ్లెం, లోపలికి రాదు, బల్ల మీద పెట్టడానికి చోటు లేదని కాదు, ఒకసారి ఆమె పెట్టిన కప్పు కింద చిన్న స్క్రూ ఒకటి అంటుకుపోయి వంటింటి సింకు దాకా వెళ్లి మాయమైంది, ఆ స్క్రూ గురించి అన్నయ్య పదిహేనేళ్లుగా చెప్తున్నాడు. "ఆడపడుచు చెయ్యి పడితే మొగుడే దారికొస్తాడు, ఇంజనెంత" అంది వదిన, "వచ్చాడా?" అన్నాను, "ఎవరు, ఇంజనా?" అంది. అన్నయ్య వీపు కదల్లేదు. వదినకు ఈ ఇంజన్లు పోతే అలమర ఖాళీ అవుతుంది, దుమ్ము తుడిచే పని తప్పుతుంది, ఆ మాట ఆమే అంది, పెట్టెల్లో పేపర్లు నలిపేటప్పుడు మాత్రం ఒక్కో ఇంజన్ కింద రెండు పొరలు ఎక్కువ వేసింది, నేను చూశాను. రింగు ఎలా ఎక్కించాలో నాకు చూపించింది కూడా వదినే, ఆమెకు తెలియకుండా. వేలి ఉంగరం ఇరుక్కుంటే లాగలేదు, సబ్బు రాసి, వేలు చుట్టూ దారం చుట్టి, ఒక్కో పోగు విప్పుతూ తీసింది, ఉంగరం ఎక్కడా సాగలేదు, చర్మం ఎక్కడా గీరుకోలేదు. రబ్బరు రింగు కూడా పిస్టన్ అంచు మీంచి గాడిలోకి ఎక్కేటప్పుడే సగం చస్తుంది, గోరుతో లాగితే మెలిపడుతుంది, మెలిపడ్డ రింగు పైకి గుండ్రంగానే కనిపిస్తుంది, లోపల తాడు పేనినట్టు ఉంటుంది, పని మొదలయ్యాక ఆ మెలి వెంటే తెగుతుంది. ఆవిరి నూనె, ఆముదంలా చిక్కగా ఉంటుంది, అది వేలికి రాసుకుని, రింగును ఒకవైపు గాడిలో దించి, రెండోవైపు బొటనవేళ్లతో దొర్లించకుండా జార్చాను, చివరికి అచ్చు గీత వరుసగా ఉందో లేదో భూతద్దంలో చుట్టూ చూశాను. ఉంది.

సిలిండర్ మూతి విషయంలో అన్నయ్య ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. తాడుకు మూతి పదునుగా ఉన్నా ఫర్వాలేదు, రబ్బరును ఆ పదును కోసేస్తుంది, దించేటప్పుడే సన్నటి తొక్క లేస్తుంది, ఆ తొక్క కంటికి కనపడదు. మూతిని లోపలివైపు ఏటవాలుగా చెక్కాలి, ఒక మిల్లీమీటరు. పిస్టన్ నాది, పాడైతే ఇంకోటి తిప్పుతాను, సిలిండర్ ఆయనది, ముప్ఫై ఎనిమిదేళ్ల కింద ఆయన చేత్తో నునుపు చేసింది, చెక్కితే వెనక్కి రాదు. "నా సిలిండర్ మూతి కొరుకుతానంటావు" అన్నాడు మొదటి రోజు. రెండో రోజు సిలిండర్ మూతి చుట్టూ వేలు తిప్పుతూ కూర్చున్నాడు. మూడో రోజు లేత్ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని, "స్పీడు తగ్గించు, అరుస్తోంది" అన్నాడు, తగ్గించాను, "ఇప్పుడు పాడుతోంది, కానివ్వు" అన్నాడు. అదొక్కటే ఆయన ఇచ్చిన అనుమతి. తర్వాత అదే పిస్టన్‌ను మళ్లీ లేత్‌కి ఎక్కించి గాడి లోతు పెంచాను, ఈసారి పట్టికను చూడలేదు, క్యాలెండర్ కాగితం వెనక లెక్క వేశాను, రబ్బరు వేడికి ఇత్తడి కన్నా ఎక్కువ పెరుగుతుంది, గది వేడి నుంచి ఆవిరి వేడికి వంద డిగ్రీలు, దానికి ఈ రింగు మందం పెరిగేది మిల్లీమీటరులో మూడు నూరోవంతులు. చల్లగా ఉన్నప్పుడు రింగు గోడను తాకాలి, నొక్కకూడదు. వేడెక్కాక ఆ మూడు నూరోవంతులే నొక్కాలి, మిగతా పని ఆవిరి చేయాలి, అది గాడిలోకి దూరి రింగును వెనకనుంచి గోడకు తోస్తుంది, తోసేంతసేపే తోస్తుంది, పిస్టన్ వెనక్కి తిరిగితే వదిలేస్తుంది. అందుకే గాడి వెడల్పు కూడా రింగు కన్నా అర మిల్లీమీటరు ఎక్కువ ఉంచాను, దానికి కదిలే చోటు ఉండాలి. ఇది పద్దెనిమిది సార్లు లెక్కవేశాను. లెక్క ప్రతిసారీ ఒకటే వచ్చింది. చెయ్యి మాత్రం ప్రతిసారీ తప్పు అంది.

పొద్దున బిగించాక అన్నయ్య అడిగి గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి పిస్టన్ పక్కనుంచి దూరి అవతలి రంధ్రంలోంచి వచ్చింది, వస్తూ సన్నగా కూసింది. "పిట్ట కొంచెం, కూత ఘనం" అన్నాడు, "ఈల వేస్తోందే నీ పిస్టన్." వదిన నవ్వింది, నేనూ నవ్వాను. చల్లగా ఉంది కాబట్టి కారుతుంది అని చెప్పొచ్చు, చెప్పలేదు, చెప్తే నమ్మడు, తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, ఆయన్ని చెవే నమ్మించాలి.

మూడూ ముప్ఫై ఆరు. ముల్లు ఒకటిన్నర దగ్గర ఉంది, చాలు. వాల్వు పావు చుట్టు తెరిచాను. మొదట ఏమీ లేదు, తర్వాత ఎగ్జాస్ట్ గొట్టంలోంచి నీళ్లు, బల్ల మీద పరిచిన గుడ్డ తడిసింది, ఆవిరి చల్లటి ఇత్తడికి తగిలి నీరైపోతోంది, సిలిండర్ వేడెక్కేదాకా ఇంతే. ఫ్లైవీల్ మీద వేలు పెట్టి తిప్పాను. ఒక చుట్టు తిరిగింది, నీళ్లు చిమ్మింది, ఆగింది. మళ్లీ తిప్పాను, రెండు చుట్లు, ఆగింది. ఎగ్జాస్ట్‌లోంచి సుయ్‌మని ఒకటే తీగలా వస్తోంది, విడివిడిగా రావడం లేదు, అంటే ఆవిరి పిస్టన్‌ను తోయకుండా దాని పక్కనుంచే పోతోంది, కారుతోంది. అన్నయ్య కిటికీ వైపే చూస్తూ "చెప్పానా" అన్నాడు. నేను గాజు గొట్టంలో నీటి మట్టం చూశాను, సగానికి పైనే ఉంది. వేలు సిలిండర్ మీద ఆనించాను, గోరువెచ్చ, పట్టుకోవచ్చు. పట్టుకోగలిగినంతసేపు దాన్ని అడగాల్సిందేమీ లేదు.

గేటు చప్పుడు. మూడూ నలభై ఎనిమిది, నాలుగు కాలేదు, తొందరగా వచ్చేవాళ్లు ఎప్పుడూ తీసుకెళ్లడానికే వస్తారు. ల్యాబ్ సారు చెప్పులు గుమ్మంలో వదిలి, హాల్లో పెట్టెలు చూసి, ఒక దాంట్లోకి వంగి చూసి, "ఎంత పనితనం మాస్టారూ" అన్నారు. అన్నయ్య లేవలేదు. సారు మంచివారే, వాటిని శుభ్రంగా ఉంచుతారు, తేమ లేని చోట పెడతారు, ఏటా ఒకసారి ఎవరికైనా చూపిస్తారు. బల్ల దగ్గరికి వచ్చి, నీళ్లు కారుతున్న ఇంజన్‌ను, నా వేలును చూసి, "ప్రెజర్ పెంచితే తిరుగుతుందేమో కదమ్మా" అన్నారు. "తిరుగుతుంది సార్, గింగిరాలు తిరుగుతుంది. అది కాదు కావాల్సింది." "పోనీ రింగు కొంచెం బిగుతుగా..." "అదీ చేసి చూశాం సార్, దాని పుణ్యమే మీరిలా వచ్చారు." వదిన పళ్లెం ఆయన ముందు పెట్టింది, "కూర్చోండి, మా రబ్బరమ్మ పెద్దమనుషుల్ని కూడా తనిఖీ చేసే పంపిస్తుంది" అంది. ఆయన కూర్చున్నారు.

ఇప్పుడు నా చెయ్యి అంటోంది, మూడు నూరోవంతులు ఏం సరిపోతాయి, ఆరు ఉంచాల్సింది, ఎనిమిది ఉంచాల్సింది, ముప్ఫై ఒక్క ఏళ్లు రోజుకు నాలుగు వందలు చూసిన చెయ్యి, అది ఒకప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఆ గదిలో అది చెప్పినవన్నీ నిజాలే, ఒకవేళ ఈ గదిలో కూడా నిజమే చెప్తోందేమో, ఒకవేళ క్యాలెండర్ కాగితమే అబద్ధమేమో, అప్పుడు మూతి చెక్కిన సిలిండర్ మిగులుతుంది, తాడు చుట్టే చెయ్యి లేదు, రబ్బరుకు పనికిరాదు, బీరువాలో పదకొండో ఇంజన్ కింద చీటీ మీద ఎవరు చెక్కారో రాయరు, అన్నయ్యకు తెలుసు. ఆలోచన ఇంతదాకా వచ్చింది, వచ్చిందని గమనించాను, వాల్వు మీద చెయ్యి మాత్రం కదపలేదు. లెక్క పద్దెనిమిది సార్లు ఒకటే వచ్చింది. ఫ్లైవీల్ తిప్పాను. వదిలాను. మళ్లీ తిప్పాను. నా పని ఇప్పుడు సిలిండర్ వేడెక్కేదాకా తిప్పుతూ ఉండడం, అంతే, నమ్మకం అంటే ఎదురుచూస్తూ చేతికి పని చెప్పడం అని తనిఖీ గదిలో నేర్చుకున్నాను, రింగులు వరుసగా ఉంటాయి, తరవాతి రింగు తీసుకోవాలి. మూడూ యాభై మూడు. సిలిండర్ మీద వేలు పెట్టి వెంటనే తీశాను. ఫ్లైవీల్ తిప్పాను, ఈసారి చక్రం వేలికి ఆనింది. అడ్డుకోలేదు, ఆనింది, ఇంతసేపూ దాని వెనక ఎవరూ లేనట్టు తిరిగింది, ఇప్పుడు ఎవరో ఉన్నారు.

నాకన్నా ముందు అన్నయ్య విన్నాడు. ఆయన వీపు కుర్చీని వదిలి నిటారుగా అయింది. తరవాత నాకు వినిపించింది, తీగలా వస్తున్న సుయ్ మధ్యలో తెగింది, ఛఫ్, మళ్లీ అంటుకుంది, మళ్లీ తెగింది, ఛఫ్, ఛఫ్, ఇక అంటుకోలేదు. నీళ్లు ఆగాయి. ఎగ్జాస్ట్ గొట్టం మూతి దగ్గర ఆవిరి ముద్దలుగా వస్తోంది, ముద్దకూ ముద్దకూ మధ్య ఏమీ లేదు, ఆ ఏమీ లేకపోవడమే నేను కోసిన గాడి. వేలు తీశాను. ఇంజన్ ఆగలేదు. వేగం అందుకుంటోంది, వాల్వు మూయడం మొదలుపెట్టాను, అర గీత, ఇంకో అర గీత, ఒక్కో అర గీతకూ పిస్టన్ రాడ్డు ఎటు వెళ్తోందో కంటికి ఇంకాస్త విడిగా కనిపిస్తోంది, చివర్లో తిరిగే చోట ఆగుతుందేమో అనిపిస్తుంది, ఆగదు, ఫ్లైవీల్ మీద సుద్దతో పెట్టిన గుర్తు పైకొచ్చింది, కిందికి వెళ్లింది, పైకొచ్చింది.

వదిన గుమ్మంలో వేళ్లు మడుస్తోంది. ల్యాబ్ సారు కప్పు నోటి దగ్గర పట్టుకుని ఊపిరి బిగబట్టారు, "మీరు పీల్చండి సార్, లెక్క మీది కాదు" అంది వదిన. లెక్క అన్నయ్యది, ఆయన భుజాలు లేస్తే పీల్చినట్టు, దిగితే వదిలినట్టు, నేను గుర్తునూ భుజాలనూ మార్చి మార్చి చూస్తున్నాను, ఏడు, ఎనిమిది, పీల్చేటప్పుడు ఒకటి, వదిలేటప్పుడు ఒకటి, తొమ్మిది, పది, పదకొండు దగ్గర తేడా వచ్చింది. గుర్తు పైకి రాకముందే భుజాలు దిగిపోయాయి. పన్నెండు, పదమూడు, ఇంకా తేడా, ఊపిరికి రెండు చుట్లు కావడం లేదు, ఒకటిన్నరే అవుతున్నాయి. ఇంజన్ నెమ్మదించిందా. గడియారం చూశాను, నిమిషానికి ముప్ఫై, మొదటి నుంచీ ముప్ఫయ్యే, నూలుపోగంత తేడా లేదు. ఊపిరే వేగం పెరిగింది.

"ఏవండీ," అంది వదిన, "ఇంజన్ బాగానే తిరుగుతోంది, మీరే పరిగెడుతున్నారు."

ఇరవై అయిందో, ముప్ఫై అయిందో ఎవరూ లెక్కపెట్టలేదు. అన్నయ్య తొడ కింది చేతిని తీసి, ల్యాబ్ సారు చూస్తుండగానే, కుర్చీ చేతి మీద ఆనించి, ఇంజన్ వైపు తిరిగాడు. చెయ్యి వణుకుతోంది, వణకనిచ్చాడు.

"ఆ పెట్టెలు పట్టుకెళ్లండి సారూ," అన్నాడు. "మంచి పెట్టెలు. ఖాళీ చేసి ఇస్తాం."

సారు కప్పు కింద పెట్టి, లేచి, ఇంజన్ దగ్గరికి వచ్చి చాలాసేపు నిలబడ్డారు. "ఒకరోజు పిల్లల్ని తీసుకొచ్చి చూపించొచ్చా?" అని అడిగారు. "తిరిగేదాన్ని ఎవరికైనా చూపిస్తాం" అన్నాడు అన్నయ్య.

తరవాత అలమర కింది అరలోంచి ఎర్ర అట్ట నోటు పుస్తకం తీయమన్నాడు. ఒక్కో ఇంజన్‌కి రెండు పేజీలు, సిలిండర్ కొలత, రాడ్డు పొడవు, ఫ్లైవీల్ బరువు, అన్నీ ఆయన రాతలోనే, తాడు దగ్గర మాత్రం ప్రతి పేజీలోనూ ఖాళీ, చెయ్యి చెప్పినదాన్ని ఎలా రాస్తాడు. ఈ ఇంజన్ పేజీ తీసి నా ముందు పెట్టాడు.

"గాడి ఎంత లోతు పెట్టావు?"

"అడుగు కొలత పదహారు పాయింటు నాలుగు నాలుగు. వెడల్పు రెండు పాయింటు మూడు."

"రాయి."

పుస్తకం ఆయన వైపు తిప్పాను, అలవాటు, అందులో ఆయన తప్ప ఎవరూ రాయలేదు. ఆయన వెనక్కి తోశాడు. "నువ్వే రాయవే. నాకు రాత ఎక్కడుంది." పెన్ను తీశాను, జేబులో రెండుంటాయి ఎప్పుడూ, నలుపు ఒకటి, ఎరుపు ఒకటి, తనిఖీ గదిలో పనికిరానిదాన్ని ముందు ఎరుపుతో రాసేవాళ్లం, తరవాత చూసేవాళ్లు అదే తప్పు మళ్లీ చేయకుండా. తాడు అన్న చోట ఖాళీలో ఎరుపుతో పదహారు పాయింటు తొమ్మిది ఆరు అని రాసి, పక్కన 'పంపు కొలత, ఆగిపోయింది' అని రాశాను. దాని కింద నలుపుతో పదహారు పాయింటు నాలుగు నాలుగు. అన్నయ్య ఇంజన్ చప్పుడు వింటూనే వంగి చూశాడు, ఎరుపు గీత మీద ఒక క్షణం ఆగాడు, పేజీ తిప్పాడు. తరవాతి ఇంజన్, సిలిండర్ పద్దెనిమిది మిల్లీమీటర్లు, తాడు దగ్గర ఖాళీ. బల్ల సొరుగు లాగాను, ఒక్కోటి ఒక్కో కాగితం పొట్లంలో, పొట్లం మీద సిలిండర్ కొలత, ఇంకా పది రింగులు ఉన్నాయి, ఇవన్నీ మొదటిదాంతో పాటే తెచ్చుకున్నాను.